మనమే వేసుకున్న తాళం

2025 అక్టోబర్ 18, శనివారం. దీపావళికి రెండ్రోజుల ముందు. నర్సాపూర్ చౌరస్తాలో పటాకులమ్మేవాడు కూడా షట్టర్ సగం దించుకుని కూచున్నాడు. బస్సులు రాలేదు. స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం రిజర్వేషన్ కోసం బీసీ సంఘాలు పిలుపిచ్చిన తెలంగాణ రాష్ట్ర బంద్ అది. కాంగ్రెస్ మద్దతు పలికింది. బీఆర్‌ఎస్ పలికింది. బీజేపీ కూడా పలికింది. రాష్ట్రంలో ప్రభుత్వం నడుపుతున్నవాళ్లు, నిన్నటిదాకా నడిపినవాళ్లు, ఢిల్లీలో నడుపుతున్నవాళ్లు, ముగ్గురూ ఒకే బంద్‌లో కూచుంటే ఇక డిమాండ్ తీర్చాల్సింది ఎవరు? చాయ్ హోటల్ బయట బెంచీ మీద నేనదే అడిగాను. పక్కనున్న పెద్దమనిషి తడుముకోలేదు. "ఇంకెవలు సారూ, ఢిల్లీ. రాష్ట్రపతి సంతకం ఒక్కటి పడితే అయిపోవు."

మంత్రుల ప్రసంగాల నుంచి చాయ్ బెంచీ దాకా అందరి నోటా ఇదే మాట. కోర్టు ఆపింది, ఢిల్లీ తొక్కిపెట్టింది, రాష్ట్రం తన చేతిలో ఉన్నదంతా చేసింది. రాష్ట్రపతి సంతకం, తొమ్మిదో షెడ్యూల్లో చోటు, ఈ రెండూ దొరికితే స్థానిక సంస్థల్లో 42 శాతం బీసీల ఒళ్లో పడ్డట్టే. కోపానికి ఒక చిరునామా దొరికింది, అదీ పదిహేను వందల కిలోమీటర్ల దూరంలో. ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ ఇది తప్పు. దీన్ని నమ్మినన్నాళ్లూ బీసీల వాటా పెరగదు సరికదా, ఎన్నిక ఎన్నికకూ తరుగుతుంది.

ముందే చెప్పేస్తున్నా, నేను బీసీనే. మా తాత కాలంలో ఇంట్లో రెండు మగ్గాలుండేవి, మా నాయన కాలంలో ఒకటి, నా కాలానికి మగ్గం గుంత మిగిలింది. 42 శాతం వద్దనే మనిషిని కాను. ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసినవాడిగా అది కూడా తక్కువే అంటాను. నా తగువంతా ఆ అంకెను తీసుకుపోయిన తొవ్వతోనే.

బంద్‌ల హడావుడిలో తేదీలు కలగాపులగమయ్యాయి కనుక ఒకసారి వరుసలో పెట్టుకుందాం. 2025 మార్చి 17న శాసనసభ రెండు బిల్లులు ఆమోదించింది, చదువు ఉద్యోగాలకు ఒకటి, స్థానిక సంస్థలకు ఒకటి. రెండింటిలోనూ బీసీలకు 42 శాతం. గవర్నర్ వాటిని రాష్ట్రపతి పరిశీలనకు పంపారు. జూన్ 25న హైకోర్టు స్థానిక ఎన్నికలు సెప్టెంబర్ ఆఖరులోగా జరపమంది. జూలైలో మంత్రివర్గం ఆర్డినెన్స్ దారి పట్టింది, అదీ నడవలేదు. ఆగస్టు 31న పంచాయతీరాజ్ చట్టంలోని 50 శాతం పరిమితిని తీసేస్తూ ఇంకో బిల్లు. దాని మీదా సంతకం పడలేదు. గడువు దగ్గరపడింది. సెప్టెంబర్ 26న జీవో నంబర్ 9 వచ్చింది: బీసీలకు 42 శాతం. అక్టోబర్ 9న హైకోర్టు స్టే. 16న సుప్రీంకోర్టు రాష్ట్రం వేసిన పిటిషన్ కొట్టేసింది. 18న బంద్.

ఈ వరుసలో జీవో దగ్గర కాసేపు ఆగాలి. జీవో అంటే ప్రభుత్వ ఉత్తర్వు. చట్టం గీసిన గీత లోపల అది ఎంతైనా చేయగలదు, గీత దాటలేదు. 2018 పంచాయతీరాజ్ చట్టంలో 285-ఎ అనే సెక్షన్ ఉంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు అన్నీ కలిపి 50 శాతం మించరాదని అది చెబుతుంది. ఎస్సీ 15, ఎస్టీ 10, బీసీ 42 కలిపితే 67. చట్టం 50 అంటుంటే జీవో 67 అంది. ఆ పరిమితిని తీసేసే బిల్లు అప్పటికి ఇంకా సంతకం కోసం చూస్తూనే ఉండింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఆ జీవో నిలవదని సచివాలయంలో ఫైలు రాసిన గుమాస్తాకు కూడా తెలిసే ఉంటుంది. గవర్నర్ గడువు దాటించారు కాబట్టి సంతకం పడినట్టే భావించాలన్న వాదన కూడా కోర్టుల్లో వినిపించారు. తమిళనాడు గవర్నర్ కేసులో 2025 ఏప్రిల్ 8న వచ్చిన తీర్పు దానికి ఆసరా. నవంబర్ 20న ఐదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు జవాబిస్తూ 'సంతకం పడినట్టే' అనే భావన రాజ్యాంగంలో లేదని తేల్చేసింది. ఆ ఆసరా కూడా కూలింది.

సరే, ఈ 285-ఎ ఎక్కడిది? దీన్ని ఢిల్లీ పంపలేదు. 2018 డిసెంబర్‌లో మన రాష్ట్ర ప్రభుత్వమే ఆర్డినెన్స్ తెచ్చి మన చట్టంలోకి దింపింది. అంతకుముందు బీసీలకు 34 శాతం ఉండేది, ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచీ. మొత్తం 50 దాటరాదని హైకోర్టు అన్నది నిజమే. అప్పుడు ప్రభుత్వం ముందు రెండు దారులు ఉన్నాయి. ఊరివారీ లెక్క పట్టుకుని కోర్టులో కొట్లాడటం ఒకటి. పరిమితిని మన చట్టంలో మన చేత్తోనే రాసుకుని ఎన్నికలు కానిచ్చేయడం రెండోది. రెండోది తేలిక. అదే చేశారు. 2019 జనవరిలో పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు బీసీల వాటా 34 నుంచి 23కు దగ్గరగా జారింది. అప్పుడు ఏ చౌరస్తా బంద్ కాలేదు. ఇప్పుడు అదే సెక్షన్ అడ్డమొచ్చిందని అందరం ఏడుస్తున్నాం. తాళం మనమే వేసుకున్నాం, చెవి ఢిల్లీలో వెతుకుతున్నాం.

"సంతకం పడి ఉంటే ఆ తాళం ఊడిపోయేది కదా" అంటారు. ఒక తాళం ఊడేది. దాని వెనక ఇంకో తాళం ఉంది, దానికి రాష్ట్రపతి సంతకం చెవి కాదు. 2010 మే 11న కె. కృష్ణమూర్తి కేసులో ఐదుగురు న్యాయమూర్తులు స్థానిక సంస్థల్లో మొత్తం రిజర్వేషన్ 50 దాటరాదన్నారు. ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనులకు తప్ప మినహాయింపు లేదన్నారు. 2021 మార్చి 4న వికాస్ కిషన్‌రావు గవాలీ కేసులో దానికి మూడు మెట్లు కట్టారు, అదే ట్రిపుల్ టెస్ట్: ప్రత్యేక కమిషన్ వేయాలి, వెనుకబాటును తాజాగా లోతుగా లెక్కగట్టాలి, ఆ లెక్క మీద ఏ స్థానిక సంస్థకు ఎంతో ఆ సంస్థకు అంత నిర్ణయించాలి, ఇవన్నీ చేశాక కూడా మొత్తం 50 దాటరాదు. సంతకమైన చట్టమైనా, సంతకం లేని జీవో అయినా ఈ తీర్పుల ముందు నిలబడాల్సిందే.

నమ్మకం లేకపోతే పక్క రాష్ట్రం చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో బీసీలకు 34 శాతం అన్నది ఏ గవర్నర్ దగ్గరో ఆగిన బిల్లు కాదు. సంతకాలు పడి, ఏళ్ల తరబడి అమల్లో ఉన్న చట్టం. 2019 డిసెంబర్‌లో అక్కడి ప్రభుత్వం ఆ 34కు ఎస్సీల 19.08, ఎస్టీల 6.77 కలిపి 59.85 శాతంతో జీవో ఇచ్చింది. 2020 మార్చి 2న అక్కడి హైకోర్టు కొట్టేసింది. బీసీలకు 24 శాతం చిల్లర మిగిలింది. సంతకమే మంత్రమైతే అక్కడ ఎందుకు పనిచేయలేదు? బీహార్ ఇంకా దగ్గరి పోలిక. 2023లో కులగణన చేసింది, విద్య ఉద్యోగాల్లో 65 శాతం చట్టం చేసింది, గవర్నర్ సంతకం అయింది, గెజెట్‌లో అచ్చయింది. 2024 జూన్ 20న పట్నా హైకోర్టు ఆ చట్టాన్ని రద్దు చేసింది. సుప్రీంకోర్టు స్టే కూడా ఇవ్వలేదు. సంతకం పడ్డాక ఏం జరుగుతుందో బీహార్ వాళ్లను అడిగి తెలుసుకోవచ్చు. మనవాళ్లెవరూ అడిగినట్టు లేదు.

ఇక తొమ్మిదో షెడ్యూల్, అందులో పెట్టిన చట్టాన్ని కోర్టులు తాకలేవని అందరూ నమ్మే రాజ్యాంగ జాబితా. తమిళనాడు 69 శాతం పేరెత్తకుండా ఈ మాట పూర్తి కాదు. అక్కడ చట్టం 1993 డిసెంబర్‌లో చేశారు, 1994లో రాష్ట్రపతి సంతకం, ఆ వెంటనే 76వ రాజ్యాంగ సవరణ, షెడ్యూల్లో చోటు. అప్పుడు ప్రధాని మన పీవీ నరసింహారావు. (మనవాడు తమిళనాడుకు చేశాడు, మనకెవరు చేస్తారు అని ఈ మధ్య ఒక మీటింగ్‌లో విన్నాను. నవ్వొచ్చింది, కొంచెం బాధ కూడా.) కానీ రెండు సంగతులు ఎవరూ చెప్పరు. ఒకటి, ఆ 69 శాతం చదువులకు, ఉద్యోగాలకు. సర్పంచ్ కుర్చీలకు దానితో సంబంధం లేదు. రెండు, 2007 జనవరి 11న ఐ.ఆర్. కొయెలో కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పిందేమిటంటే, 1973 ఏప్రిల్ 24 తర్వాత షెడ్యూల్లోకి ఎక్కిన ఏ చట్టాన్నయినా రాజ్యాంగ మౌలిక స్వరూపం కొలతతో పరీక్షించవచ్చని. అంటే ఆ షెడ్యూలు ఒకప్పుడు ఇనుప బీరువా. ఇప్పుడు దాని తలుపు తీసి చూసే హక్కు కోర్టుకు ఉంది. పార్లమెంటు దాకా పోయి, దేశం సగం ఒప్పించి, అంత బరువు మోసి అక్కడ పెట్టినా కేసు వేయడానికి ఒక వకీలు, ఒక పిటిషనర్ చాలు.

ఢిల్లీ తప్పు లేదనడం లేదు నేను. స్థానిక స్వపరిపాలన రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోని అంశం. 243-డి అధికరణం ఆరో క్లాజు పంచాయతీల్లో వెనుకబడిన తరగతులకు రిజర్వేషన్ ఇచ్చే అధికారం నేరుగా రాష్ట్ర శాసనసభకే కట్టబెట్టింది. అలాంటి బిల్లు మీద గవర్నరే సంతకం చేయొచ్చు. చేయలేదు, పైకి పంపారు. పైన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆ ఏడాది పంచాయతీ ఎన్నికలు ముగిసేదాకా ఉలుకూ పలుకూ లేదు. రాష్ట్రం ఏకగ్రీవంగా అడిగినదానికి కనీసం కాదని కాగితం మీద రాసి పంపకపోవడం పద్ధతి కాదు. ఇది అడగాల్సిన ప్రశ్నే, గట్టిగా అడగాల్సిందే. కానీ ఆగస్టు 6న జంతర్‌మంతర్ దగ్గర ధర్నాకు పోయిన మన మంత్రులు, ఎమ్మెల్యేలు ఏం అడిగారు? రాష్ట్ర జాబితాలోని అధికారం మాది, మా బిల్లు మాకు తిప్పి పంపండి అనలేదు. మీరు సంతకం పెట్టండి, మీరు షెడ్యూల్లో చేర్చండి అన్నారు. మన చేతిలో ఉన్నదాన్ని తీసుకుపోయి వాళ్ల గడప మీద పెట్టి, ఇవ్వండి ఇవ్వండి అని అడిగాం. ఫెడరలిజం గురించి సభల్లో గంటలు గంటలు మాట్లాడేవాళ్లు చేసిన పని ఇది.

మరి చేయాల్సిన పని ఎక్కడుంది? ఊళ్లో ఉంది. నేను చూశాను కాబట్టి చెబుతున్నా.

2024 నవంబర్. సమగ్ర కుటుంబ సర్వే. ప్రైమరీ స్కూళ్లు ఒంటిపూట చేసి టీచర్లను ఎన్యూమరేటర్లుగా పంపారు. అప్పటికి నేను ఇంకా టీచరుగా బడిలోనే ఉన్నాను. నర్సాపూర్‌కు కొంచెం ఎడంగా ఒక ఊరు పడింది నాకు. ముందు మూడు రోజులు తలుపుల మీద స్టిక్కర్లు అంటించాం, తర్వాత ఫారాలు. ఎనిమిది పేజీలు, 75 ప్రశ్నలు. కులానికి ఒక కోడ్, ఉపకులానికి గడి, చదువుకు కోడ్, భూమికి కోడ్, అప్పుకు కోడ్, ఇంట్లో ఎవరైనా ప్రజాప్రతినిధిగా ఉన్నారా అన్నదానికీ ఒక గడి. ఊరి రోడ్డు సగం వడ్ల కుప్పలే. ఒక రజక ఇంటి ముందు డెబ్బై దాటిన ముసలమ్మ కాలితో వడ్లు తిరగేస్తూనే జవాబులు చెప్పింది. కొడుకు బాలానగర్‌లో కంపెనీల పనిచేస్తడు, కోడలు బీడీలు చుడతది, మనవరాలు ఇంటర్. ఇంట్లో ఎవరైనా వార్డు మెంబరయ్యారా అని అడిగితే కాలు ఆపి నవ్వింది. "మేమేడికి బిడ్డా. బట్టలుతికేటోళ్లం." ఆ గడిలో లేదు అని రాశాను. ఫారం మడుస్తుంటే అడిగింది: "అన్ని రాసుకుంటివి గదా సారూ, గీ రాత యాడికి పోతది?" హైదరాబాద్ పోతదన్నాను. "మల్ల ఆడికెల్లి మా ఊరికొస్తదా? గప్పుడు కేసీఆర్ సర్కార్ల సుత గిట్లనే ఒక్కదినంల రాసుకపోయిండ్రు. పట్నం పొయినోడల్లా ఊరికచ్చిండు. మల్ల ఏం కాలే."

ఆమె చెప్పింది 2014 ఆగస్టు 19 నాటి సర్వే. ఆ రోజు రాష్ట్రమంతా ఇంటికి తాళాలేసుకుని ఊళ్లకు పరుగెత్తింది. ఆ కులాల లెక్క అధికారికంగా జనం ముందుకు రాలేదు. నాలుగేళ్ల తర్వాత హైకోర్టు 50 అన్నప్పుడు ఆ లెక్క కోర్టు బల్ల మీద ఉండాల్సింది. లేదు. ఇంత పెద్ద రాష్ట్రం ఒక్కరోజులో తన ఇళ్లన్నీ లెక్కపెట్టి, ఆ లెక్కను బీరువాలో పెట్టి, తర్వాత లెక్క లేక ఓడిపోయింది. దీనికి కూడా ఢిల్లీదే బాధ్యతంటారా?

మా సర్వే గతి దానికన్నా కొంత మెరుగే. 2025 ఫిబ్రవరిలో మొత్తం లెక్క సభలో చెప్పారు: ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45. బూసాని వెంకటేశ్వరరావు నేతృత్వంలో ప్రత్యేక కమిషన్ కూడా వేశారు. ట్రిపుల్ టెస్ట్‌లో మొదటి మెట్టు ఎక్కినట్టే. కానీ జీవో వచ్చేనాటికి ఆ కమిషన్ నివేదిక జనం చేతిలో లేదు. నా ఊరి మనిషి తన పంచాయతీలో బీసీల లెక్క ఎంతో చూసుకుని, ఇది తప్పు, ఇది ఒప్పు అని చెప్పే వీలు లేదు. రాష్ట్రమంతటికీ కలిపి ఒకే అంకె అచ్చేశారు, 42. గవాలీ తీర్పు అడిగింది స్థానిక సంస్థవారీ లెక్క. మనం ఇచ్చింది రాష్ట్రవారీ అంకె. హైకోర్టు స్టే ఇస్తూ ఎత్తిచూపింది కూడా ఈ ట్రిపుల్ టెస్ట్‌నే, 50 పరిమితినే. ఇది కోర్టు బీసీల మీద కక్షగట్టిందనే వాళ్లకు చెబుతున్నా: ప్రశ్నపత్రం నాలుగేళ్ల ముందే చేతికిచ్చారు. జవాబు రాయకుండా పోయి, ఫెయిల్ చేశారని బడి ముందు ధర్నా చేస్తే ఒక టీచరుగా నేనేమనాలి?

ఒకే అంకె ఎందుకు కుదరదో నర్సాపూర్ చుట్టుపక్కల తిరిగితే తెలుస్తుంది. అడవి అంచు పట్టుకుని తండాలున్నాయి. 2018లో రాష్ట్రమంతటా తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. పూర్తిగా గిరిజనులే ఉన్నవి వెయ్యికి పైగా. అక్కడ సర్పంచ్ గిరిజనుడే కావాలి, అది న్యాయం. అక్కడ బీసీ కోటా అన్నమాటకే అర్థం లేదు. రెండు కిలోమీటర్లు ఇవతలికి వస్తే గొల్ల కురుమలు, ముదిరాజులు, గౌడ్లు, సాలోళ్లు కలిసి ముప్పాతిక భాగం ఉండే ఊళ్లు. అక్కడ 42 కూడా చాలదు. రెండింటికీ ఒకే కొలబద్ద పెడితే రెండూ చెడతాయి.

అంతకన్నా పెద్ద అన్యాయం ఈ 50 గీత కింద దాక్కుని ఉంది. గీత లోపల ముందు ఎస్సీల వాటా, ఎస్టీల వాటా జనాభా ప్రకారం తీస్తారు. అది రాజ్యాంగం చెప్పిన హక్కు, తగ్గదు. మిగిలింది బీసీలకు. మన సర్వే అంకెలనే తీసుకోండి: 17.43, 10.45 కలిపితే 27.88. 50లోంచి తీసేస్తే 22.12. వంద గడపల్లో 56 గడపలు బీసీలవి, వంద కుర్చీల్లో 22. మూకుట్లో అడుగున మాడింది గీరి పెట్టినట్టు. పైగా ఈ ఏర్పాటులో గిరిజనులకు ఒక సీటు పెరిగితే బీసీకి ఒక సీటు తగ్గుతుంది. బంద్ రోజు ఆ చాయ్ బెంచీ మీద కూడా కాసేపటికి మాట ఢిల్లీ మీదినుంచి లంబాడోళ్ల మీదికి జారింది. "తండాలన్నీ పంచాయతీలు చేసి మా సీట్లు గుంజిరి" అన్నాడొకాయన. ఎదురుగా తండా కుర్రాడు చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఏమీ అనలేదు. జనరల్ అనే మిగతా 50 సీట్ల ఊసు మాత్రం బెంచీ మీద ఎవరూ ఎత్తలేదు.

మాటవరసకు చెబుతున్నా. శాసనసభలో బీసీ రిజర్వేషన్ లేదు, నర్సాపూర్ జనరల్ సీటు. 1999 నుంచి ఇక్కడ గెలిచినవాళ్లు ఇద్దరే, సునీతా లక్ష్మారెడ్డి, మదన్ రెడ్డి. వాళ్ల మంచిచెడ్డలు నాకు అనవసరం. జనరల్ అన్న మాటకు ఊళ్లల్లో అర్థమేమిటో చెప్పడానికి ఆ రెండు పేర్లు చాలు.

ఇక్కడ రెండో అపోహను కూడా దులిపెయ్యాలి, దీన్ని ఎక్కువగా చదువుకున్నవాళ్లే పలుకుతారు: "50 శాతం రాజ్యాంగంలో ఉంది, ఏం చేస్తాం" అని. రాజ్యాంగంలో ఎక్కడా లేదు. 1962లో బాలాజీ కేసులో మొలకెత్తి, 1992 నవంబర్ 16న ఇంద్రా సాహ్నీ తీర్పులో పాతుకున్న గీత అది, చదువు, ఉద్యోగాల సందర్భంలో. 2010 కృష్ణమూర్తి తీర్పు చదివితే ఒక వింత కనిపిస్తుంది. చదువు, ఉద్యోగాల్లో వెనుకబాటు వేరు, రాజకీయ ప్రాతినిధ్యంలో వెనుకబాటు వేరు, వాటి సూత్రాలను వీటికి ముక్కస్య ముక్క అతికించకూడదు అని ఆ తీర్పే అంటుంది. అని, 50 గీతను మాత్రం అక్కడినుంచే తెచ్చి ఇక్కడ గీస్తుంది. వేరు వేరు అన్నప్పుడు కొలత ఒకటెలా అయింది? సుప్రీంకోర్టులో అడగాల్సిన ప్రశ్న ఇది. పైగా 2022 నవంబర్ 7న ఈడబ్ల్యూఎస్ కేసులో ముగ్గురి మెజారిటీ 50 శాతం బిగదీసిన గీత కాదంది. అగ్రవర్ణ పేదల 10 శాతం కోసం సడలిన గీత, ఊళ్లో సగానికి పైగా ఉన్నవాళ్ల కోసం ఎందుకు సడలదు? మన రాష్ట్రంలోనే విద్య, ఉద్యోగాల్లో బీసీ 29, ఎస్సీ 15, ఎస్టీ 10, ఈడబ్ల్యూఎస్ 10 కలిపి 64. ఆకాశం ఊడిపడలేదు.

ఐదుగురి తీర్పును తిరగరాయాలంటే అంతకన్నా పెద్ద ధర్మాసనం కావాలి. దాన్ని అడగాల్సింది రాష్ట్రం, అడిగే చేతిలో పంచాయతీవారీ లెక్కల కట్ట ఉండాలి. ఈ ఊళ్లో ఇన్ని ఇళ్లు, ఇందులో ఇన్ని కులాలు, ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా వార్డు మెంబరు కానివి ఇవిగో అని. నేను ఆ ముసలమ్మ ఫారంలో 'లేదు' అని రాసిన గడి ఉంది చూశారా, అసలు సాక్ష్యం అది. అలాంటి గడులు లక్షల్లో ఉన్నాయి. వాటిని పేర్చి, అచ్చేసి, అభ్యంతరాలు విని, సరిదిద్ది, ఒక్కో పంచాయతీకి ఎంతో తేల్చి, ఆ బరువుతో కోర్టుకు పోవాలి. దానికి బదులు ఒక పేజీ జీవోతో పోయారు.

"ఇదంతా అయ్యేసరికి ఇరవై ఏళ్లు పడుతుంది, అప్పటిదాకా ఆగాలా" అంటారు. 2010 తీర్పు వచ్చి ఆ బంద్ నాటికే పదిహేనేళ్లు. 2014 సర్వే నుంచి పదకొండేళ్లు. 2018లో తాళం వేసుకుని ఏడేళ్లు. ఆగింది చాలదా? ఆగిన ప్రతిసారీ ఎన్నికలు వాయిదా పడటమో, వాటా తగ్గడమో జరిగింది. 2024 జనవరి ఆఖరుకే పంచాయతీల గడువు తీరింది. రెండేళ్లకు దగ్గరగా ప్రత్యేకాధికారుల పాలన. కేంద్రం నుంచి రావాల్సిన ఆర్థిక సంఘం నిధులు పాలకవర్గాలు లేక ఆగాయి. మా దగ్గరి ఊళ్లలో చెత్త ట్రాక్టరుకు డీజిల్ కోసం కార్యదర్శులు జేబులోంచి పెట్టుకున్నారు. నర్సాపూర్ పట్టణానికీ 2025 జనవరితో మున్సిపల్ పాలకవర్గం లేకుండా పోయింది. 42 శాతం ఇచ్చాకే ఎన్నికలు అన్న మాటకు ఊరు కట్టిన ఖరీదు ఇది.

చివరికి ఎన్నికలు ఎలా జరిగాయి? 50 గీత లోపలే. నవంబర్‌లో కొత్త జీవో, డిసెంబర్ 11, 14, 17న మూడు విడతల పోలింగ్. అప్పుడు వినిపించిన ఓదార్పు మాట ఒకటుంది: చట్టప్రకారం కుదరకపోయినా పార్టీపరంగా 42 శాతం ఇస్తాం అని. ఓటేసిన ప్రతి మనిషికీ తెలుసు, సర్పంచ్ బ్యాలెట్ మీద పార్టీ గుర్తు ఉండదు. ఉంగరం, కత్తెర, ఫుట్‌బాల్, అవే గుర్తులు. పార్టీ బీ-ఫారమే లేని ఎన్నికలో పార్టీపరంగా 42 శాతం ఇవ్వడమంటే పీటల మీద పెళ్లికొడుకు లేకుండానే కట్నం ఒప్పుకోవడం. ఎంపీటీసీ, జడ్పీటీసీ, మున్సిపల్ సీట్ల దగ్గర మాత్రం ఆ మాటకు అర్థముంది. అక్కడ గుర్తులు పార్టీలవి. జనరల్ సీట్లలో ఎంతమంది బీసీలకు బీ-ఫారం ఇచ్చారో ఏ పార్టీకి ఆ పార్టీ ఊరూరా జాబితా పెట్టమనండి. దానికి రాష్ట్రపతి సంతకం అక్కర్లేదు, సుప్రీంకోర్టు అనుమతీ అక్కర్లేదు.

ఒక సంగతి మాత్రం తేలింది. డిసెంబర్ ఎన్నికల్లో బీసీ సీట్లు తేల్చడానికి మేం రాసిన సర్వే లెక్కలనే వాడారు. అంటే ఊరివారీ లెక్క ఉంది. ఆఫీసుల్లో ఉంది. 50 గీత లోపల మిగిలింది బీసీలకు పంచడానికి పనికొచ్చిన లెక్క, 42 కోసం కొట్లాడటానికి ఎందుకు బయటికి రాలేదని అడగాల్సింది మనమే, హైదరాబాద్‌ను.

ఇది చదువుతున్నవాళ్లలో బీసీలుంటే ఒక పని చేయండి. సమాచార హక్కు కింద తెల్లకాగితం మీద మూడు ప్రశ్నలు రాయండి. మా పంచాయతీలో సర్వే ప్రకారం బీసీల ఇళ్లు ఎన్ని? అందులో ఏ కులంవి ఎన్ని? ఇప్పటిదాకా ఒక్కసారి కూడా పదవి దక్కని కులాలు ఏవి? కింద సంతకం పెట్టి పంచాయతీ కార్యదర్శి చేతికిచ్చి రసీదు తీసుకోండి. గ్రామ స్థాయిలో సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము లేదు.